పాత మెమరీ కార్డుల్లో మన పాటలు

(సంఘం వార్షికోత్సవ సభలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ యువతతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, గూడేల నుంచి వచ్చిన పటేళ్లకు, వడ్డెలకు, డోలు భుజాన వేసుకుని వచ్చిన అన్నలకు, ముందు వరసలో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. ఫోన్లు లోపల పెట్టమని నేను చెప్పను. ఈ రోజు నా మాటంతా ఆ ఫోన్ల గురించే.

సంఘం వాళ్లు నా దగ్గరికి వచ్చి, "మేడమ్, మన సంస్కృతి మీద కాసేపు మాట్లాడండి" అన్నారు. సంస్కృతి మీద నాకంటే బాగా చెప్పగలిగినవాళ్లు అదిగో, ఆ వెనకాల చాప మీద కూర్చున్నారు. నేను హాస్టల్ వార్డెన్‌ని. పొద్దున లేస్తే బియ్యం లెక్క, పప్పు లెక్క, జ్వరం వచ్చిన పిల్లల లెక్క. బీఈడీ చదివాను కాబట్టి సాయంత్రం స్టడీ అవర్‌లో లెక్కలు కూడా చెప్తాను. అందుకని పెద్ద పెద్ద మాటలు వదిలేసి, నేను చేసిన ఒక పని గురించి చెప్తాను. కంప్యూటర్‌లో పాట పెడితే "ఈ ఫైల్ ప్లే కాదు" అని వస్తుంది చూడండి, అప్పుడు ఏం చేయాలి, అంతకంటే ముఖ్యంగా ఏం చేయకూడదు, అది.

నవ్వకండి. దీనివల్ల మా ఇంట్లో ఒక పాట తిరిగి వచ్చింది. ఒక పాట సగం సగంగా వచ్చింది. ఒకటి ఇక రాదు.

పోయినసారి ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి మా హాస్టల్ పిల్లలు రేల ఆట వేస్తామన్నారు. యూట్యూబ్‌లో దొరికే పాట వద్దని, మన ఊరి పాటే కావాలని తొమ్మిదో తరగతి పిల్లలు పట్టుబట్టారు. అప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. 2009లో భూమి పండుగ నాడు, ఆడవాళ్లందరూ రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి వచ్చే పోయే బండ్లను ఆపి పాడతారు కదా, అట్లా పాడుతుంటే మా తమ్ముడు తన కీప్యాడ్ ఫోన్‌లో రికార్డు చేశాడు. అమ్మమ్మ 2013లో పోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. ఫొటో కూడా ఆధార్ కార్డు మీద ఉన్నదే.

తమ్ముడు ఇల్లంతా వెతికి, బీరువాలో చీరల మడతల కింద ఉన్న మూడు మెమరీ కార్డులు పంపించాడు. ఒకదాంట్లో అమ్మమ్మ పాట. రెండోదాంట్లో 2016లో మా మేనమామ ఇంట్లో ఒక డోలి తాత పాడిన కథ. మూడోదాంట్లో మా చిన్నమ్మ పాడిన పెళ్లి పాట. కార్డు రీడర్‌లో పెట్టి హాస్టల్ కంప్యూటర్‌కి తగిలించాను. మొదటి ఫైల్ మీద నొక్కాను. ఇంగ్లిష్‌లో ఒక డబ్బా తెరుచుకుంది, కింద ఒక నంబరు. 0ఎక్స్‌సీ00డీ36సీ4. నా వెనక నలభై మంది పిల్లలు నిలబడి ఉన్నారు.

బజారులో ఫోన్లు బాగుచేసే ఒకతని దగ్గరికి తీసుకెళ్లాను. చూసి, "ఫైల్ కరప్ట్ అయింది మేడమ్, కార్డు ఫార్మాట్ కొట్టేస్తే మళ్లీ వాడుకోవచ్చు" అన్నాడు. పాపం, ఆయన దృష్టిలో అది నాకు చేసే సాయమే. నేను కార్డు తీసుకుని వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టక ఆ ఎర్రర్ డబ్బా మళ్లీ తెరిచి, డిక్షనరీ పక్కన పెట్టుకుని మొత్తం చదివాను. అందులో ఏమని ఉందంటే, ఈ ఫైల్ ప్లే కావడం లేదు, కారణం ఈ రకం ఫైల్ నాకు తెలియకపోవచ్చు, లేదా పేరు చివర ఉండే భాగం తప్పు కావచ్చు, లేదా ఫైల్ పాడై ఉండవచ్చు అని. మూడు కారణాలు చెప్పింది. అతను మూడోదే చదివాడు. నేను ఆ మాత్రం కూడా చదవకుండానే అతని దగ్గరికి పరిగెత్తాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు నాకు కోయ తప్ప ఇంకో మాట రాదు. పంతులుగారు తెలుగులో అడుగుతారు, నేను కోయలో చెప్తాను, ఆయనకు అర్థం కాదు. కొన్నాళ్లకు నేను చెప్పడం మానేశాను. ఆయన మా నాన్నతో, "ఈ పిల్లకి మాటలు రావు" అన్నారు. నాన్న దారి పొడవునా నవ్వాడట, ఇంట్లో నా నోరు మూయించలేక వాళ్లు అల్లాడుతుంటే! ఆ రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుంటే నాకు పంతులుగారే గుర్తొచ్చారు. కంప్యూటర్ కూడా అంతే. దానికి రాని భాషలో పాట వస్తే, పాటకి మాటలు రావంటుంది.

ఆ భాషనే కోడెక్ అంటారు. మనం పాడిన పాటను ఫోన్ ఉన్నదున్నట్టు దాచుకోదు. కార్డులో చోటు చాలదని దాన్ని ఒక పద్ధతిలో కుదించి రాసుకుంటుంది. తిరిగి వినిపించాలంటే, ఆ రాత తెలిసిన ప్లేయర్ ఉండాలి. ఒక్కో కాలపు ఫోన్ది ఒక్కో రాత. పాత కీప్యాడ్ ఫోన్లు ఎక్కువగా ఏఎంఆర్ అనే రాతలో రాసేవి. ఇప్పటి ఫోన్ల రికార్డర్లు ఎక్కువగా ఏఏసీలో రాసి ఎం4ఏ అనే డబ్బాలో పెడతాయి. వాట్సాప్‌లో మనం పంపే వాయిస్ మెసేజ్ ఓపస్ అనే రాతలో ఉంటుంది. అందుకే వాట్సాప్‌లో చక్కగా వినపడింది కంప్యూటర్‌లోకి ఎక్కించాక మొరాయిస్తుంది.

డబ్బా అన్నాను కదా, అది వేరు, లోపలి రాత వేరు. డబ్బా మీద అంటించిన చీటీ ఇంకా వేరు. మా స్టోర్ రూమ్‌లో ఒక్కోసారి బస్తా మీద కందిపప్పు అని రాసి ఉంటుంది, విప్పితే శనగపప్పు. చీటీ మార్చినంత మాత్రాన పప్పు మారదు. ఫైల్ పేరులో చుక్క తర్వాత వచ్చే రెండు మూడు అక్షరాలు ఆ చీటీ మాత్రమే. విండోస్‌లో మామూలుగా ఆ చీటీ మనకు కనపడకుండా దాచి ఉంటుంది. ఫోల్డర్ తెరిచి, పైన వ్యూ అనే చోట ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నదానికి టిక్కు పెడితే కనపడుతుంది. మీ అందరూ ఇంటికెళ్లగానే చేయాల్సిన మొదటి పని ఇదే.

నేను అట్లా టిక్కు పెట్టి చూస్తే అమ్మమ్మ పాట చివర ఎంపీ3 అని ఉంది. 2009 నాటి కీప్యాడ్ ఫోన్ తన రికార్డింగ్‌ని ఎంపీ3లో చేసిందంటే నమ్మబుద్ధి కాలేదు. తమ్ముడికి ఫోన్ చేశాను. "అక్కా, అది అప్పట్లో ప్లే కాలేదని మనోడు పేరు మార్చాడు" అన్నాడు. మనోడు అంటే మా చిన్నాన్న కొడుకు. పాటలన్నీ ఎంపీ3లే కదా, దీనికి కూడా ఆ పేరు పెడితే పాడుతుందని అనుకున్నాడు. పదేళ్లకు పైగా శనగపప్పు బస్తా మీద కందిపప్పు చీటీ.

లోపల ఏముందో చూడడానికి ఒక సులువైన దారి ఉంది. ముందు ఆ ఫైల్‌కి ఒక కాపీ తీసుకోండి. ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. తెరంతా పిచ్చి గీతలు, చుక్కలు కనపడతాయి, భయపడకండి. మొట్టమొదటి నాలుగైదు అక్షరాలు మాత్రం చూడండి. ఏఎంఆర్ అయితే హ్యాష్ గుర్తు, ఆశ్చర్యార్థకం, ఆ వెంటనే ఏ, ఎం, ఆర్ అని ఇంగ్లిష్‌లో ఉంటుంది. వేవ్ ఫైల్ అయితే ఆర్ఐఎఫ్ఎఫ్ అని మొదలవుతుంది. వాట్సాప్ ఓపస్ అయితే ఓజీజీఎస్. ఎం4ఏ అయితే మొదటి నాలుగు స్థానాలు వదిలేసి ఆ తర్వాత ఎఫ్‌టీవైపీ. ఎంపీ3 చాలాసార్లు ఐడీ3 అని మొదలవుతుంది, అన్నిసార్లూ కాదు. చూశాక నోట్‌ప్యాడ్‌ని మూసేయండి. సేవ్ చేయాలా అని అడిగితే వద్దనండి. పొరపాటున సేవ్ కొట్టారో, ఆ ఫైల్ అప్పుడు నిజంగా పాడవుతుంది. కాపీ తీసుకోమన్నది అందుకే.

అమ్మమ్మ ఫైల్ తెరిచాను. హ్యాష్, ఆశ్చర్యార్థకం, ఏ, ఎం, ఆర్. పేరు చివర మళ్లీ ఏఎంఆర్ అని మార్చాను. కంప్యూటర్‌తో వచ్చిన ప్లేయర్ అప్పుడు కూడా పాడలేదు, దానికి ఆ రాత రాదు. వీఎల్‌సీ అనే ప్లేయర్ ఎక్కించాను. అది ఉచితం. ప్యారిస్‌లో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు చదువుకుంటూ మొదలుపెట్టిన పని. 2001 నుంచి ఎవరైనా వాడుకునేలా, లోపలి రాత ఎవరైనా చూసుకునేలా బయట పెట్టారు. ఇప్పుడు వీడియోలాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని నడుపుతోంది. దానికి ఇట్లాంటి పాత రాతలు చాలా వచ్చు. నొక్కాను. ముందు బండి హారన్ వినపడింది. తర్వాత ఎవరో నవ్వారు. ఆ తర్వాత అమ్మమ్మ అందుకుంది.

నేను ఏడ్చానని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. కానీ విన్న కాసేపటికి ఒకటి గమనించాను. గొంతు బాగానే ఉంది, కాళ్ల గజ్జెలు లేవు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, గజ్జెలు మోగాయి. పాటలో లేవు. ఎందుకో తర్వాత తెలిసింది. ఏఎంఆర్ ఫోన్ మాటల కోసం చేసిన రాత. సెకనుకు 8,000 సార్లు మాత్రమే శబ్దాన్ని కొలుచుకుంటుంది, సీడీ అయితే 44,100 సార్లు. అట్లా కొలిస్తే 4,000 హెర్ట్జ్ దాటిన సన్నని శబ్దం అసలు నిలవదు. గజ్జెల గలగల, తాళాల మెరుపు చాలావరకు ఆ పైనే ఉంటాయి. ఫోన్‌కి కావాల్సింది మనిషి మాట, దాన్ని మాత్రం ఉంచుకుని మిగతాది పారేసింది. పారేసింది పారేసినట్టే. దీన్ని ఇప్పుడు వేవ్‌లోకి మార్చినా, ఇంకేదానిలోకి మార్చినా గజ్జెలు తిరిగి రావు. "హెచ్‌డీ చేసిస్తాం" అని ఎవరైనా అంటే డబ్బులివ్వకండి.

మార్చడం ఎట్లా అని అడుగుతారు. వీఎల్‌సీలోనే మీడియా మెనూలో కన్వర్ట్, సేవ్ అని ఉంటుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా అవుతుంది, దానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే తోడు జతచేస్తే ఏఎంఆర్, ఎం4ఏ కూడా తెరుస్తుంది. నేను అమ్మమ్మ పాటను వేవ్‌లోకి మార్చి దాచాను. పిల్లలకు ఆట కోసం ఎంపీ3 ఒకటి చేసిచ్చాను. అసలు ఏఎంఆర్‌ని మాత్రం ముట్టుకోలేదు, అది అట్లాగే ఉంది. కుదించినదాన్ని మళ్లీ ఇంకో రకంగా కుదిస్తే ప్రతిసారీ కొంత పోతుంది, జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు. అసలు కాగితం చేతిలో ఉంటే ఎన్నిసార్లైనా కొత్తగా మొదలుపెట్టవచ్చు.

ఇంకో చిన్న మాట. ప్లేయర్‌లో గీత కదులుతోంది, నిమిషాలు నడుస్తున్నాయి, శబ్దం మాత్రం రాలేదంటే అది ఫార్మాట్ గొడవ కాకపోవచ్చు. శబ్దం వేరే చోటికి పోతుండొచ్చు. మా దగ్గర ప్రొజెక్టర్ వైరు తగిలించినప్పుడల్లా ఇదే తంతు, శబ్దం స్పీకర్లు లేని ప్రొజెక్టర్‌లోకి వెళ్లిపోతుంది. కింద స్పీకర్ గుర్తు మీద నొక్కి సరైనది ఎంచుకోవాలి. ఈ చిన్న సంగతి తెలియక ఒక మీటింగ్‌లో నేను పెద్ద సార్ల ముందు నిలబడి చెమటలు కక్కాను.

రెండో కార్డు కథ వేరు. డోలి తాత పాడిన కథ. మన డోలీల సంగతి మీకు తెలుసు. గట్ల కథలు, వేల్పుల కథలు, సమ్మక్క సారలమ్మల కథ, పడిగె ముందు పెట్టుకుని రాత్రంతా చెప్తారు. పుస్తకం ఉండదు, నోట్లోనే ఉంటుంది. మణుగూరు దగ్గరి కూనవరం సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమందరం సెల్ఫీలు దిగాం, స్టేటస్‌లు పెట్టాం. 2024లో ఆయన పోయారు. ఆయన పాడుతుంటే ఫోన్లు పైకెత్తినవాళ్లు ఈ సభలో కూడా ఉండి ఉంటారు. ఆ ఫోన్లు ఇప్పుడెక్కడున్నాయి? పాతబడ్డాయని పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చి ఉంటారు, లేదా ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి ఉంటారు. ఇంటికెళ్లి వెతకండి.

మా మేనమామ ఇంట్లో తాత పాడుతుండగా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. రికార్డింగ్ ఆపు అని నొక్కకముందే ఫోన్ ఆగిపోయింది. ఆ ఫైల్‌ని వీఎల్‌సీ కూడా తెరవలేదు. ప్రాపర్టీస్‌లో సైజు చూశాను, 19 ఎంబీ ఉంది. అది చూశాక నాకు ధైర్యం వచ్చింది. ఎందుకంటే నేను లెక్కల టీచర్‌ని. సెకనుకు 128 కిలోబిట్ల లెక్కన రికార్డు చేస్తే నిమిషానికి ఒక ఎంబీకి కాస్త తక్కువ పడుతుంది. 19 ఎంబీ అంటే దాదాపు 20 నిమిషాల పాట లోపల ఉన్నట్టే. ఏమీ లేనిదానికి అంత బరువు రాదు.

మరి ఎందుకు తెరుచుకోదు? ఎం4ఏ రికార్డు అయ్యేటప్పుడు ఫోన్ శబ్దాన్ని వరసగా రాసుకుంటూ పోతుంది. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే విషయసూచికను మాత్రం మనం ఆపు అని నొక్కాక, చివర్లో రాస్తుంది. మూవ్ ఆటమ్ అంటారు దాన్ని. మనం నొక్కకముందే ఫోన్ చచ్చిపోతే పేజీలన్నీ ఉంటాయి, విషయసూచిక ఉండదు, పేజీ నంబర్లు కూడా ఉండవు. ప్లేయర్ పుస్తకం తెరిచి, సూచిక లేదని మూసేస్తుంది. మీలో చాలామంది ఇట్లాంటి ఫైళ్లు పాడయ్యాయని డిలీట్ చేసి ఉంటారు. నేను కూడా చేశాను, అంతకుముందు.

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు దసరాకి వచ్చినప్పుడు చెప్పాను. అన్‌ట్రంక్ అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉందట. దానికి అదే ఫోన్‌తో, అదే సెట్టింగ్‌తో చేసిన మంచి ఫైల్ ఒకటి నమూనాగా ఇవ్వాలి. నమూనాని చూసి, పాడైనదానికి కొత్త సూచిక రాసిపెడుతుంది. అదే ఫోన్ కావాలంటే ఎట్లా? మా మేనత్త ఆ ఫోన్‌ని పారేయలేదు, మిరపకాయల బస్తా పక్కన అల్మారాలో ఉంది. చార్జరు దొరకడానికి రెండు రోజులు పట్టింది. ఫోన్ లేచాక మేనత్త చేత, "ఒకటి, రెండు, మూడు, ఈ ఏడు మిర్చి ధర బాగాలేదు" అని ఒక నిమిషం మాట్లాడించి నమూనా తీసుకున్నాం. మేనల్లుడు ఒక రాత్రి కూర్చున్నాడు. 17 నిమిషాలు వచ్చాయి. మధ్యలో అక్కడక్కడ చిటపటలు, ఒక చోట గొంతు తెగిపోయింది. చివరి రెండు మూడు నిమిషాలు రాలేదు. కథ ఎక్కడ ఆగిందో తెలుసా, అన్నదమ్ములు వాగు దాటబోయే చోట. దాటారో లేదో చెప్పగలిగిన తాత ఇప్పుడు లేడు. మా మేనమామ తనకు గుర్తున్నంత చెప్తానన్నాడు, ఆయన చేత చెప్పించి రాసుకుంటున్నాను.

మూడో కార్డు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఫైల్ పేరు ఉంది, చిన్నమ్మ పేరు మీదే. సైజు చూస్తే సున్నా. ఎవరో కట్ చేసి పేస్ట్ చేస్తూ, పూర్తి కాకముందే కార్డు లాగేశారు. అట్లాంటప్పుడు కూడా వెంటనే ఆ కార్డు వాడడం ఆపేస్తే ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో వెతికి తీసే అవకాశం ఉంటుంది, దొరికినవి మాత్రం వేరే డిస్కులో పెట్టుకోవాలి. మేం వెతికాం. ఆ కార్డులో తర్వాత ఎన్నిసార్లు సినిమాలు ఎక్కించారో, చిన్నమ్మ పాట ఉన్న చోట మీద ఏవేవో కూర్చున్నాయి. దొరికినవన్నీ సినిమా పాటలే. మా గట్టువాళ్లు ఏ దారిన, ఏ ఏరు దాటి ఈ ఊరికి వచ్చారో ఆ పెళ్లి పాటలో వరసగా వచ్చేది. చిన్నప్పుడు విన్నాను. నాకు రెండు ఏర్ల పేర్లు గుర్తున్నాయి. ఎన్ని ఏర్లో గుర్తులేదు.

కాబట్టి కట్ చేయకండి, కాపీ చేయండి. కాపీ అయ్యాక రెండో చోట నొక్కి, మొదలు, మధ్య, చివర వినండి. ఆ తర్వాత కూడా మొదటిదాన్ని చెరపకండి. కార్డు పెట్టగానే "ఫార్మాట్ చేయాలి" అని కంప్యూటర్ అడిగితే క్యాన్సిల్ నొక్కి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, తయారుచేసినవాళ్ల సొంత సైట్ నుంచే తెచ్చుకోండి. గూగుల్‌లో కోడెక్ ప్యాక్ అని వెతికితే వచ్చే ఊరూ పేరూ లేని సైట్ల నుంచి తెచ్చుకుంటే పాట సంగతి దేవుడెరుగు, వైరస్ వస్తుంది. ఇది మా హాస్టల్ కంప్యూటర్ సొంత అనుభవం.

ఇప్పుడు చెప్పబోయే మాట కొంచెం కటువుగా ఉంటుంది. ఫైల్ మార్చడానికి ఆన్‌లైన్‌లో బోలెడు సైట్లు ఉన్నాయి. ఫైల్ అక్కడ పెడితే క్షణంలో ఎంపీ3 చేసిస్తాయి. సినిమా పాటకైతే మీ ఇష్టం. ఇలవేల్పు కొలుపులో వడ్డె పాడిన పాట, ఆడవాళ్లకే వినిపించే పాట, ఫలానా గట్టువాళ్ల ముందు తప్ప ఎత్తకూడని పేర్లు ఉన్న పాట మన దగ్గర ఉన్నాయి. వాటిని ఎవరిదో తెలియని కంప్యూటర్‌లోకి ఎక్కించే హక్కు మీకు లేదు, నాకు లేదు. పాడినవాళ్లను అడగాలి, వాళ్లు లేకపోతే ఇంటి పెద్దలను అడగాలి. వీఎల్‌సీ, ఆడాసిటీ మన కంప్యూటర్‌లోనే పని చేస్తాయి, నెట్ కూడా అక్కర్లేదు. సిగ్నల్ లేని ఊళ్లు మనవి, ఆ రకంగా కూడా మనకు ఇవే నయం. మొన్న ఒక తమ్ముడు, "మేడమ్, లైకులు బాగా వస్తాయి, కొలుపు వీడియో పెడదాం" అన్నాడు. వద్దన్నాను. అలిగాడు. ఇక్కడే ఉన్నాడు, చూడండి, ఇంకా అలిగే ఉన్నాడు.

ఇక కొత్తగా రికార్డు చేసేవాళ్లకు. ఇప్పటి ఫోన్లలో రికార్డర్ సెట్టింగ్‌లోకి వెళ్తే కొన్నింట్లో వేవ్ అని ఉంటుంది, అది పెట్టండి. లేకపోతే ఉన్నదాంట్లో ఎక్కువ నాణ్యత ఎంచుకోండి. సీడీ నాణ్యతలో వేవ్ నిమిషానికి దాదాపు 10 ఎంబీ తింటుంది, గంటకు 600. ఇప్పటి కార్డులకు అదొక లెక్క కాదు. ప్రపంచంలో శబ్దాలు దాచే పెద్ద పెద్ద భాండాగారాలు కూడా వేవ్‌లోనే దాచుతాయి, దాంట్లో కుదింపు లేదు కాబట్టి. మొదలుపెట్టే ముందు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో ఎవరో రీచార్జి అయిపోయిందని కాల్ చేస్తారు. చార్జింగ్ నిండా పెట్టుకోండి. పావుగంటకోసారి ఆపి మళ్లీ మొదలుపెట్టండి, ఏదైనా అయితే ఆ పావుగంటే పోతుంది, రాత్రంతా పోదు. మా మేనమామ ఇంట్లో ఈ ఒక్క పని చేసి ఉంటే వాగు దాటేవాళ్లం. పాట మొదట్లోనే ఎవరు పాడుతున్నారు, ఏ ఊరు, ఏ రోజు, ఎవరెవరు వినొచ్చు అన్నది వాళ్ల నోటితోనే చెప్పించండి. ఫైల్ పేరు ఎవరైనా మార్చేయొచ్చు, లోపలి గొంతును మార్చలేరు.

వాట్సాప్‌లో పంపాల్సి వస్తే, కిందనున్న పిన్ను గుర్తు నొక్కి డాక్యుమెంట్ కింద పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. స్పీకర్ ముందు ఇంకో ఫోన్ పెట్టి వాయిస్ మెసేజ్ చేసి పంపుతారు కొందరు. అమ్మా, అట్లా చేయకండి.

రెండు కాపీలు, రెండు ఇళ్లలో. మనది గోదారి గట్టు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఆ రోజుల్లో మనం బియ్యం, పిల్లలను, మేకలను ఎత్తుకుని గుట్టెక్కాం. బీరువా ఎవరూ ఎత్తుకోలేదు. మా తమ్ముడి ఇల్లు కాస్త మెట్ట మీద ఉండబట్టి ఈ మూడు కార్డులు మిగిలాయి, అంతే. ఒక కాపీ పల్లపు ఊళ్లో ఉంటే రెండోది మెట్ట ఊళ్లో చుట్టాల ఇంట్లో పెట్టండి. పెళ్లిళ్లకు, పండుగలకు ఎట్లాగూ పోతారు కదా, ఏడాదికోసారి తెరిచి, పాడుతుందో లేదో చూసుకోండి. కార్డులు, పెన్‌డ్రైవ్‌లు కలకాలం ఉండవు.

నా మాట అయిపోవచ్చింది. సంఘం వాళ్లతో మాట్లాడాను. నెలలో రెండో ఆదివారం ఇదే భవనంలో ఒక కంప్యూటర్, ఒక కార్డు రీడర్, పాత ఫోన్లకు పనికొచ్చే నాలుగు రకాల చార్జర్లు పెట్టుకుని కూర్చుంటాను. మా హాస్టల్‌లో ప్లస్ టూ చదివే ఇద్దరు పిల్లలు కూడా వస్తారు, నాకంటే వాళ్లకే చేయి తిరిగింది. మీ ఇళ్లలో ఉన్న పాత కార్డులు, పగిలిన ఫోన్లు, క్యాసెట్లు ఉంటే అవి కూడా తీసుకురండి. క్యాసెట్ నడిపే మెషిన్ మాత్రం నా దగ్గర లేదు. ఎవరి అటక మీదైనా పాత టేప్ రికార్డర్ ఉంటే చెప్పండి, బెల్టు తెగినా పర్వాలేదు. పాట పాడినవాళ్ల ఇంటి మనిషి ఒకరు వెంట ఉండాలి, లేకపోతే తెరవను. హాస్టల్‌కి మాత్రం రావద్దు, అది ఆడపిల్లల హాస్టల్, వాచ్‌మన్ లోపలికి రానివ్వడు.

ఇప్పుడు మా పిల్లలు రేల ఆట వేస్తారు. అమ్మమ్మ పాటే. మొదట్లో బండి హారన్ వినపడుతుంది, అది ఎర్రర్ కాదు, 2009లో మా ఊరి రోడ్డు మీద ఆపిన ట్రాక్టరు. గజ్జెలు ఫోన్ పారేసిందని చెప్పాను కదా, అవి పిల్లల కాళ్లకు ఉన్నాయి. అమ్మా, రండి.